ప్రాకృతంలో విజ్ఞాన సర్వస్వమా? ముందు చదివేవారిని చూపించండి

తరువాత వచ్చి చదివేవారికి కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్నను ముందు కుదించి చెబుతాను. దిల్‌సుఖ్‌నగర్ పక్కన చైతన్యపురిలో, మూసీ ఒడ్డున బండ మీద ఉన్న ప్రాకృత శాసనాన్ని చూసి వచ్చారు. 2024 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పాళీ, ప్రాకృతాలకు ప్రాచీన భాష హోదా ఇచ్చింది. లాటిన్‌కు, సంస్కృతానికి, పాళీకి, చివరికి ఐరోపాలో ఎప్పుడో అంతరించిన గోథిక్‌కు కూడా వికీపీడియాలు ఉన్నప్పుడు ప్రాకృతానికి ఎందుకు ఉండకూడదు, స్నేహితులం నలుగురం కలిసి మొదలుపెడితే ఎలా ఉంటుంది అని అడిగారు.

నా సమాధానం: ప్రాకృతంలో వికీపీడియా మొదలుపెట్టకండి. ప్రాకృతం గురించి తెలుగులోనూ, ప్రాకృత మూలగ్రంథాల మీద, పాత పుస్తకాల పాఠాలు ఎక్కించే వికీసోర్సులోనూ చేయవలసిన పని మాత్రం మీ నలుగురికీ జీవితకాలానికి సరిపడా ఉంది. సంస్కృతం సంగతి వేరు, దాని దగ్గరికి తరువాత వస్తాను.

నేను నగరంలోని ఒక కళాశాలలో సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. తెలుగు వికీపీడియాలో చాలాకాలంగా దిద్దుబాట్లు చేస్తున్నాను. పొద్దున్నే పేపరుకన్నా ముందు ‘ఇటీవలి మార్పులు’ పేజీ చూడటం అలవాటైపోయింది. ఈ అభిప్రాయాలు ఆ రెండు అలవాట్లలోంచి పుట్టినవే. ఆ పక్షపాతాన్ని మినహాయించుకుని చదవండి.

మొదట ఒక అపోహ తొలగించుకుందాం. మాతృభాషగా మాట్లాడేవారు లేకపోవడం విజ్ఞాన సర్వస్వానికి అడ్డంకి కానే కాదు. 1129 ప్రాంతంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసం రాశాడు. ఇరవయ్యేసి అధ్యాయాల ఐదు వింశతులు, మొత్తం నూరు అధ్యాయాలు. రాజ్యం నడపడం మొదలుకొని ఏనుగులు, గుర్రాలు, చిత్రలేఖనం, సంగీతం, ఆటలు, వంటల దాకా అన్నీ అందులో ఉన్నాయి. మనం ఇడ్లీకి, దోసెకు పూర్వీకులుగా చెప్పుకునే వంటకాలు కూడా ఉన్నాయి. ఆ కల్యాణే నేటి బసవకల్యాణ్, బీదర్ జిల్లాలో ఉంది. 1956 దాకా అది మన హైదరాబాదు రాష్ట్రంలోదే. ఆ రాజు ప్రజలు మాట్లాడినవి కన్నడం, మరాఠీ, తెలుగు. సంస్కృతాన్ని ఉగ్గుపాలతో నేర్చినవారు ఆ ఊళ్ళో ఎవరూ ఉండి ఉండరు. అయినా గ్రంథం సంస్కృతంలో ఎందుకు వచ్చింది? కాశ్మీరం నుంచి కంచి దాకా ఒక విషయం తెలుసుకోవాలనుకున్న పండితుడు చదివింది ఆ భాషలోనే కనుక. ఐరోపాలో న్యూటన్ 1687లో తన ప్రధాన గ్రంథాన్ని లాటిన్‌లో అచ్చువేసిందీ అందుకే.

కాబట్టి భాష చచ్చిందా, బతికిందా అన్న చర్చను పక్కన పెడతాను. పైగా సంస్కృతాన్ని మృతభాష అంటే నా పాత సహోద్యోగులు ఫోను చేసి మరీ వాదిస్తారు, ఆ ఓపిక నాకిప్పుడు లేదు. అడగవలసింది వేరే ఉంది. ఒక సంగతి తెలియని మనిషి, దాన్ని తెలుసుకోవడానికి ఆ భాషలోని వ్యాసం తెరుస్తాడా? అందులో తప్పు ఉంటే పట్టుకోగలిగిన మరొక మనిషి, రాసినవాడికి బొత్తిగా పరిచయం లేనివాడు, ఎప్పుడైనా ఆ పేజీకి వస్తాడా? ఈ ఇద్దరూ ఉంటే అది విజ్ఞాన సర్వస్వం. లేకపోతే అది రాసినవారి అభ్యాసపుస్తకం. అభ్యాసపుస్తకం చెడ్డదని నేననను, దాన్ని లోకానికి ప్రమాణగ్రంథంగా చూపించడమే నాకు అభ్యంతరం.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది, ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. వాటిలో వేలకు వేలు ఊళ్ళ గురించిన వ్యాసాలు, మొదట జనాభా లెక్కల ఆధారంగా రెండు మూడు వాక్యాల మొలకలుగా పుట్టినవే. ‘ఈ మొలకలు ఎందుకు?’ అని మా చర్చల పేజీ రచ్చబండలో అప్పట్లో పెద్ద గొడవలే జరిగాయి. కానీ ఒకరోజు ఆ ఊరి కుర్రవాడెవరో వచ్చి, చెరువు పేరు తప్పని దిద్దుతాడు. మరొకడు గుడి ఫోటో ఎక్కిస్తాడు. ఇంకొకడు తమ ఎమ్మెల్యేను పొగుడుతూ ఒక పేరా చేరుస్తాడు, దాన్ని మేము తీసేస్తాము. ఈ రాకపోకలే వికీ. 2010 ప్రాంతంలో ఒక పెద్ద సంస్థ తన అనువాద యంత్రానికి పదును పెట్టుకోవడానికి, డబ్బిచ్చి ఇంగ్లీషు వ్యాసాలను తెలుగులోకి గుప్పించింది. ఆ వాక్యాలు చదివితే తెలుగు అక్షరాలు కనిపించేవి, తెలుగు కనిపించేది కాదు. వాటిని ఎత్తిచూపి, పోట్లాడి, కొన్నిటిని బాగుచేసి, కొన్నిటిని తీసేయగలిగామంటే కారణం ఒకటే. చదవగానే ఒళ్ళు మండే తెలుగువాళ్ళు తగినంతమంది ఉన్నారు.

ఒళ్ళు మండే మనిషి లేని చోట ఏమవుతుందో స్కాట్స్ వికీపీడియా చూపించింది. స్కాట్లండ్‌లో లక్షలమంది మాట్లాడే భాష అది, మృతభాష ఎంతమాత్రం కాదు. 2020 ఆగస్టులో బయటపడినదేమిటంటే, అందులో ఇరవై వేలకు పైగా వ్యాసాలు రాసినది ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రవాడు. చిన్నతనంలో మొదలుపెట్టి, ఇంగ్లీషు వాక్యంలో అక్కడక్కడ స్కాట్స్ మాటలు పెడుతూ ఏళ్ళ తరబడి రాశాడు. దురుద్దేశం లేదు, పాపం, సేవ చేస్తున్నాననే అనుకున్నాడు. బతికున్న భాషలోనే అన్నేళ్ళు ఎవరూ పట్టుకోలేకపోయారు. గ్రీన్‌లాండిక్‌లో దాని నిర్వాహకుడే యంత్రాలు రాసిన అర్థంలేని వాక్యాలతో విసిగిపోయి, వికీపీడియా మూసేయమని అడిగాడు. 2025లో అందుకు ఒప్పుకున్నారు కూడా. అదీ బతికున్న భాషే, గ్రీన్‌లాండ్ అధికార భాష. మాట్లాడేవారే లేని ప్రాకృతంలో మీ నలుగురిలో ఒకరు విభక్తి తప్పు రాస్తే, మిగిలిన ముగ్గురూ అదే తరగతిలో అదే పుస్తకంతో నేర్చుకున్నవారైతే, దిద్దేదెవరు?

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, ఎవరూ అంతగా మాట్లాడనిది ఇదే. మృతభాషకు సాక్ష్యం ఒక హద్దులో ఆగిపోయింది. గోథిక్‌నే తీసుకోండి. మనకు ఆ భాషలో మిగిలినదానిలో చాలా భాగం నాలుగో శతాబ్దంలో ఉల్ఫిలా చేసిన బైబిలు అనువాదపు ముక్కలే. వెండి, బంగారు అక్షరాలతో రాసిన ఆ ప్రతి స్వీడన్‌లోని ఉప్సలాలో ఉంది. మరికొన్ని చిన్నచిన్న రాతలు కలిపితే భాష అయిపోయింది. పరిశోధకుడు ‘ఈ ప్రయోగం గోథిక్‌లో ఉందా?’ అని అడిగితే ఆ కొద్ది పుటల్లో వెతికి ఉందనో లేదనో చెప్పగలడు. ఇప్పుడు గోథిక్ వికీపీడియాలో సుమారు వెయ్యి వ్యాసాలు ఉన్నాయి, గోథిక్ లిపిలోనే. ఖండాల గురించి, దేశాల గురించి, కంప్యూటర్ల గురించి రాయాలంటే ఉల్ఫిలా దగ్గర మాటలు లేవు కాబట్టి కట్టుకున్నారు. మనిషి చదివితే అవి కొత్తవని గుర్తుపడతాడు. పాఠాలను టన్నులకొద్దీ మింగే యంత్రం గుర్తుపట్టదు. దానికి నాలుగో శతాబ్దం వాక్యమూ నిన్న రాత్రి వాక్యమూ ఒకే తూకం. తెలుగులో ఇటువంటి పొల్లు పడితే కోట్ల వాక్యాల మధ్య కొట్టుకుపోతుంది. కొద్దిపాటి పాఠమే ఉన్న భాషలో పడితే అదే భాష అయి కూర్చుంటుంది.

ప్రాకృతానికి గోథిక్‌కన్నా ఎంతో పెద్ద వాఙ్మయం ఉంది, నిజమే. కానీ అక్కడ మొదటి అడుగులోనే ఇంకొక ప్రశ్న కాలికి తగులుతుంది: ఏ ప్రాకృతం? శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న గాథాసప్తశతిలోని మహారాష్ట్రి, నాటకాల్లో స్త్రీపాత్రలు మాట్లాడే శౌరసేని, జైనాగమాల అర్ధమాగధి, శాసనాల ప్రాకృతం, ఇవన్నీ ఒకటి కావు. గుణాఢ్యుడి బృహత్కథ పైశాచిలో ఉండేదంటారు, ఆ గ్రంథమే మనకు దక్కలేదు. మీరు చూసిన చైతన్యపురి శాసనం విష్ణుకుండిన రాజు గోవిందవర్మ కాలానిదని, సుమారు ఐదో శతాబ్దానిదని పండితులు చెబుతారు. గోవిందరాజ విహారం ప్రస్తావన అందులో ఉంది. దాని భాషను హాలుడి భాష పక్కన పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ‘ప్రాకృత వికీపీడియా’ అన్నారంటే ఈ అన్నిటినీ కలిపి, ఏ కాలంలోనూ ఎవరూ రాయని ఒక సగటు ప్రాకృతాన్ని మీరే తయారుచేయవలసి వస్తుంది. వికీ వ్యాసానికి ఒక శైలి కావాలి కదా మరి.

లిపి సంగతీ చూడాలి. బ్రాహ్మి 2010 నుంచి యూనికోడ్‌లో ఉంది కాబట్టి బ్రాహ్మిలోనే రాద్దామని మీ స్నేహితుడు ఉత్సాహపడుతున్నట్టు రాశారు. రాయవచ్చు, చదివేవారు ఇంకా తగ్గుతారు. దేవనాగరిలో రాస్తే అచ్చుపుస్తకాల అలవాటుకు సరిపోతుంది. పాళీ వికీపీడియా ప్రధానంగా దేవనాగరిలోనే నడిచింది. కానీ పాళీని నిజంగా రోజూ చదివే భిక్షువులు ఉన్నది శ్రీలంకలో, మియన్మార్‌లో, థాయిలాండ్‌లో. వాళ్ళు చదివేది వాళ్ళ వాళ్ళ లిపుల్లో. చదివేవారు ఒకచోట, వ్యాసాలు మరొక లిపిలో ఉంటే ఏం జరగాలో అదే జరిగింది. ఇన్నేళ్ళకూ వ్యాసాలు మూడు వేలు దాటలేదు. మన దగ్గరా ఇదే. మా తరం వరకు తెలుగునాట సంస్కృతం నేర్చినవారు చాలామంది తెలుగు లిపిలోనే చదివారు. వావిళ్ళవారి పుస్తకాలు వాళ్ళింట్లో ఉంటాయి. వాళ్ళలో ఒకరిని సంస్కృత వికీపీడియా ముందు కూర్చోబెట్టండి, విషయం మీద పట్టు ఉన్నా పేజీ మీద చూపు నడవదు.

సంస్కృత వికీపీడియా దగ్గరికి వచ్చాం కాబట్టి చెబుతాను. అది ఉండవలసిందే. సంస్కృతంలో పాఠం విని, సంస్కృతంలో పరీక్ష రాసి, సంస్కృతంలోనే సిద్ధాంతవ్యాసం సమర్పించే విద్యార్థులు తిరుపతిలో నేటికీ ఉన్నారు. ఆకాశవాణి 1974 నుంచి సంస్కృతంలో వార్తలు చెబుతోంది. మైసూరు నుంచి 1970లో మొదలైన సంస్కృత దినపత్రిక ఉంది. 2011 జనాభా లెక్కల్లో సంస్కృతం మాతృభాష అని రాయించుకున్నవారు 24,821 మంది. ఆ అంకె మీద నాకు పెద్ద నమ్మకం లేదు, ఇష్టం కొద్దీ రాయించుకున్నవారు అందులో తక్కువేమీ ఉండరు. తిరుపతి విద్యార్థి మాత్రం నిజం. వ్యాకరణంలోనో న్యాయంలోనో ఒక విషయం వెతుక్కుంటూ వచ్చి, వ్యాసం తప్పుగా ఉంటే దిద్దే శక్తి అతనికి ఉంది. మన గచ్చిబౌలి వైపు, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో సంస్కృత అధ్యయన శాఖవారు తయారుచేసిన ‘సంసాధనీ’ ఉపకరణాలు సంధి విడదీసి, పదాన్ని విశ్లేషించి చూపుతాయి. అటువంటి సహాయం ఉన్న భాష అది.

అయినా ఆ వికీపీడియాలో ఉన్న సుమారు 12 వేల వ్యాసాల్లో నాకు తగిలినవి చాలావరకు రెండు వాక్యాల మొలకలే. ఏదో దూరదేశపు పట్టణం గురించి ‘ఇది ఒక నగరం’ అని ఒక వాక్యం, అది ఏ దేశంలో ఉందో ఒక వాక్యం. ఆ పట్టణం గురించి సంస్కృతంలో తెలుసుకోవాలనుకునే మనిషి భూమ్మీద ఎక్కడ ఉన్నాడో నేను ఊహించలేను. అదే వికీలో శాస్త్రగ్రంథాల మీద, ఛందస్సు మీద, వ్యాఖ్యాన సంప్రదాయాల మీద నిండైన వ్యాసాలు రాస్తే, వేరే ఏ భాషలోనూ దొరకని సర్వస్వం అవుతుంది. సంస్కృతానికి వికీపీడియా ఎందుకు అన్న ప్రశ్నకు జవాబు ఆ వ్యాసాల్లో ఉంటుంది, పట్టణాల మొలకల్లో ఉండదు. లాటిన్‌వారు లక్షా 40 వేల దాకా వ్యాసాలు రాశారు, వాళ్ళకు బడుల్లో, విశ్వవిద్యాలయాల్లో లాటిన్ చదివేవారి అండ ఉంది. అక్కడా వారంవారం లాటిన్ వార్తలు చెప్పిన ఫిన్‌లాండ్ రేడియో 1989 నుంచి 2019 దాకా నడిపి ఆపేసింది.

హైదరాబాదులో సంస్కృతం చదివే పిల్లలు వేలల్లో ఉన్నారు కదా, వాళ్ళు పాఠకులు కారా అని మీరు అడగవచ్చు. ఇంటర్మీడియట్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకున్నవారి మాటే అయితే, వాళ్ళకు ఎన్నో ఏళ్ళు చెప్పినవాడిగా అంటున్నాను: వాళ్ళు వచ్చింది మార్కుల కోసం. తప్పేమీ లేదు, ఎంసెట్ ఒత్తిడిలో ఉన్న పిల్లలు ఇంకేం చేస్తారు? పరీక్ష అయిన సాయంత్రానికి శబ్దాలు, ధాతువులు అన్నీ పుస్తకంతోపాటు అటక ఎక్కుతాయి.

పారిభాషిక పదాలు లేకపోతే మనమే కట్టుకుందామని మీరు రాసిన పేరాకు మన ఊరి చరిత్రే జవాబు. 1917లో నిజాం ప్రభుత్వం దారుల్‌తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పింది. మరుసటి ఏడు మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన అంతా ఉర్దూలో జరగాలి, దానికి పుస్తకాలు కావాలి. గణితం, రసాయనం, వైద్యం, న్యాయం, చరిత్ర, ఒక్కొక్క శాస్త్రానికి పండితులు కూర్చుని వాదించుకుని పదాలు స్థిరపరిచారు. ఆ పదాలు నిలబడింది పండితుల ప్రతిభ వల్ల కొంత, మరుసటి రోజు తరగతిలో వాటిని పలికే విద్యార్థి ఉండటం వల్ల చాలా. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. చక్కగా అల్లిన ఆ మాటల్లో ఎన్నో అల్మరాల్లో ఉండిపోయాయి. ఉర్దూ ఈ నగర వీధుల్లో ఈ రోజుకీ గలగలలాడే భాష. దానికే తరగతి గది పోతే పదాలు నిలవలేదు. తరగతి గదే లేని ప్రాకృతంలో మీరు నలుగురు కూర్చుని కట్టే మాటలు ఎవరి నోట నిలుస్తాయి?

మీ వాదనల్లో నన్ను ఆలోచింపజేసినది ఒకటుంది: ‘రాయకపోతే భాష వంటబట్టదు’ అన్నారు. పూర్తిగా ఒప్పుకుంటాను. నా విద్యార్థుల్లో సంస్కృతం నిజంగా వచ్చినవారంతా సొంత వాక్యాలు రాసినవారే. రాయండి. హాలుడి ఛందస్సులో గాథలు కట్టండి, మెట్రోలో పోతూ ఒకరికొకరు ప్రాకృతంలో సందేశాలు పంపుకోండి, ఒక బ్లాగు పెట్టుకుని ‘ఇవి మా అభ్యాసాలు’ అని పైన రాసుకోండి. ఆ ఒక్క వాక్యంతో నా అభ్యంతరాలు సగానికి సగం పోతాయి. విజ్ఞాన సర్వస్వం అన్న పలక తగిలిస్తేనే చిక్కు.

వికీమీడియా నియమాలు కూడా మీకు పెద్దగా సహకరించవు. కొత్త భాషలో వికీపీడియా తెరవాలంటే ఆ భాష మాట్లాడే సమాజం, పాఠకులు ఉన్నారని చూపించమంటారు. పాత భాషలకు వికీసోర్సు ద్వారం సులభంగా తెరుచుకుంటుంది. గోథిక్ వంటివి ఈ నియమాలు బిగియక ముందు పుట్టినవి, వాటిని చూపించి మాకూ ఇవ్వండి అంటే చెల్లదు. నాకైతే ఈ విషయంలో నియమం సరైనదే అనిపిస్తుంది.

కొమర్రాజు లక్ష్మణరావుగారి సంగతి మీకు గుర్తు చేయాలి. 1901లో ఈ నగరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించినవారిలో ముఖ్యుడు. ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వచ్చేసరికి ‘అ’ అక్షరంలోనే ఉంది, 1923లో ఆయన పోయారు. కోట్లమంది మాట్లాడే తెలుగులో, అంత దక్షుడి చేతిలో, పని అంత బరువైనది. ఆ బరువు ఇప్పటికీ దిగలేదు. తెలుగు వికీపీడియాలో విష్ణుకుండినుల కాలపు శాసనాల గురించి, ప్రాకృత వ్యాకరణాల గురించి నిండైన వ్యాసాలు ఇంకా రావలసి ఉన్నాయి. వరరుచి ప్రాకృతప్రకాశం ఏం చెబుతుంది, హేమచంద్రుడు దానికి ఏం చేర్చాడు అని తెలుగులో వివరించగలవారు ఈ నగరంలో ఎంతమంది ఉంటారు? మీరు వివరించగలరని మీ ప్రశ్న చదివితేనే తెలుస్తోంది. ఆ గంటలను చదివేవారు లేని చోట పోయడం నాకు నచ్చడం లేదు, అంతే.

పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెబుతాను. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో శాతవాహనుల నాణేలు ఉన్నాయి. ఈజిప్టు మమ్మీ దగ్గర గుమిగూడే జనంలో పదోవంతు కూడా వాటి దగ్గర ఆగరు. సంగారెడ్డి దగ్గర కొండాపూర్ మ్యూజియంలోనూ శాతవాహన కాలపు వస్తువులు ఉన్నాయి. ఆ నాణేల మీద ప్రాకృతంలో ఏముందో తెలుగు వ్యాసంలో రాయండి, అనుమతి ఉన్నచోట ఫోటోలు తీసి, వికీల ఉమ్మడి బొమ్మల భాండాగారమైన కామన్స్‌లో పెట్టండి. వికీ నిఘంటువైన విక్షనరీలో ప్రాకృత పదాలు చేర్చేటప్పుడు ఒక్క నియమం పాటించండి: ప్రతి పదానికీ అది ఏ గ్రంథంలో, ఎన్నో పద్యంలో ఉందో చూపించాలి. చూపించలేని పదం వద్దు. హరగోవింద దాస్ సేఠ్ 1920లలో కలకత్తా నుంచి తెచ్చిన ‘పాఇఅసద్దమహణ్ణవో’ ప్రాకృత నిఘంటువు మీకు దారి చూపుతుంది, ఎక్కువ పదాలకు అందులో ప్రయోగస్థానాలు ఉన్నాయి.

వీటన్నిటిలో నేను ముందు పెట్టేది మాత్రం గాథాసప్తశతి. శ్రీనాథుడు యౌవనంలో తెనిగించానని చెప్పుకున్న శాలివాహన సప్తశతి మనకు దక్కలేదు. మూలమైనా వెతకడానికి వీలుగా, తప్పుల్లేకుండా, పద్య సంఖ్యలతో అందరికీ అందుబాటులో ఉండాలి. ముంబయి నిర్ణయసాగర ముద్రణాలయంవారు కావ్యమాల శ్రేణిలో గంగాధర భట్టు వ్యాఖ్యతో వేసిన పాఠం కాపీహక్కుల గడువు దాటిపోయినదే, దేవనాగరిలోనే ఉంది. జర్మన్ పండితుడు వెబర్ 1881లో లైప్‌జిగ్‌లో ప్రచురించిన పాఠం రోమన్ లిపిలో ఉంది, పాఠభేదాలకు అది కావాలి. గత కొన్ని దశాబ్దాల్లో వచ్చిన సంపాదకుల పీఠికలు, అనువాదాలు మాత్రం ముట్టుకోకండి, మన చట్టంలో రచయిత మరణించిన తరువాత అరవై ఏళ్ళ దాకా హక్కులు ఉంటాయి. సొంత వికీసోర్సు లేని భాషలకు బహుభాషా వికీసోర్సు ఉంది, అక్కడ ఈ పుస్తకానికి సూచిక పేజీ (పుటలన్నిటినీ వరుసగా చూపే పేజీ) తెరవండి. యంత్రం గుర్తించిన అక్షరాలను నమ్మకండి, ముఖ్యంగా అనుస్వారాలు, జోడక్షరాలు. ఒకరు అచ్చుదిద్దిన పుటను ఆమోదించడానికి వేరొకరు చూడాలన్నది అక్కడి నిబంధన. మొదటి శతకం మీరు దిద్దండి, రెండో చూపు నేను చూస్తాను. సూచిక పేజీ తెరిచాక ఇక్కడే లంకె పెట్టండి.